ముందుగా కడిగిన కాళ్ళు

1535 ఫిబ్రవరి 10, విభూతి బుధవారం

ఇవాళ్టి నుంచి రాసుకుంటాను. చెప్పుకోవడానికి మనిషి లేడు. ముప్పై ఏళ్ళుగా నా పాపాలన్నీ విన్న లూడోల్ఫ్ గురువుగారు కొత్త బోధలో చేరి, పోయిన నెల రొట్టెల కొట్టు విధవను పెళ్ళి చేసుకున్నాడు. "ఇక పాపాలు నాకు చెప్పక్కర్లేదు గెర్లిండ్, నేరుగా దేవుడికే చెప్పుకో" అన్నాడు. దేవుడికి చెప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆయన మధ్యలో "ఊఁ, తర్వాత?" అనడు. లూడోల్ఫ్ అనేవాడు.

కోటలో ఇవాళ అందరికీ ఒకటే పని, ప్రభువు నుదురు చూడటం. చుట్టుపక్కల దేశాలన్నీ ఒక్కొక్కటే కొత్త బోధలో కలిసిపోయాయి. మా ఎబర్విన్ ప్రభువు పోపుగారితోనే ఉంటాడా, అటు దాటుతాడా అని ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. నుదుట బూడిద పెట్టించుకుంటే ఇటు, లేకపోతే అటు. ఆయన పొద్దున్నే గుడిలోకి వెళ్ళి, కనుబొమల దాకా టోపీ దించుకుని బయటికొచ్చాడు. భోజనం దగ్గర కూడా తియ్యలేదు.

సాయంత్రం ఎన్నెల్ ఆ టోపీని కోట బట్టలన్నీ ఉతికే మా ఉతుకు కొట్టుకు తెచ్చింది. నా కింద పనిచేసే పిల్లల్లో దాని నోరే పెద్దది. ఇద్దరం దీపం దగ్గర పెట్టి లోపల చూశాం. బూడిద ఉంది. కానీ నుదుటిదో, పొయ్యి దగ్గర కూర్చుంటే పడిందో ఎవరు చెప్పగలరు?

"ఏం చేశావు పెద్దమ్మా?" అంది నా చేతిలో టోపీ మళ్ళీ చూసి.

"దులిపేశాను."

"అయ్యో! మంత్రిగారి మనిషి అది చూపిస్తే వెండి నాణెం ఇస్తానన్నాడే!"

మురికి కనబడితే నా చెయ్యి ఆగదు. నేనేం చేసేది.

ఫిబ్రవరి 14

మారియెన్‌ఔ మఠం నుంచి కబురొచ్చింది. మంత్రిగారి మనుషులు వచ్చి, ప్రార్థన చేసుకునే మందిరంలో ఎన్ని గుర్రాలు పడతాయో అడుగులేసి చూసుకున్నారట.

ఫిబ్రవరి 15

నిద్ర లేదు. అక్క వాల్బుర్గ తొమ్మిదో ఏట ఆ మఠంలో అడుగుపెట్టింది. ఇప్పుడు అరవై ఒకటి. చూపు పోయి పన్నెండేళ్ళయింది. గోడ మీద చెయ్యి ఆనించుకుని పడక గది నుంచి మందిరానికి, మందిరం నుంచి తోటలోకి తనే నడుస్తుంది. ఏ రాయి ఎక్కడ ఎగుడుగా ఉందో ఆమె వేళ్ళకు తెలుసు. నన్ను కూడా చిన్నప్పుడు అక్కడే వేశారు. నాలుగు అక్షరాలు నేర్చుకుని, పెళ్ళి చేసుకుంటానని పారిపోయి వచ్చాను. అక్క ఉండిపోయింది.

కొత్త బోధ వచ్చి మఠం మూసేస్తే కన్యస్త్రీలకు తలా ఒక గౌను ఇచ్చి బండెక్కిస్తారట. పక్క దేశంలో అలాగే చేశారు. అక్కడ ఒక ముసలామె బండి దిగి, ఎటు వెళ్ళాలో తెలియక, మూడు రోజులు సత్రం వాకిట్లోనే కూర్చుందని విన్నాను. అక్కకు నేనున్నాను. నా గది ఉతుకు తొట్ల పక్కనే, గోడలు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి. అయినా నేనున్నాను.

ఆమె వేళ్ళకు తెలిసిన గోడ మాత్రం ఉండదు.

ఫిబ్రవరి 22

ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను. నా దగ్గర కొత్త పుస్తకం ఉంది. మన భాషలోకి మార్చిన సువార్త. ప్రభువుగారి తువ్వాళ్ళ పెట్టెలో, అడుగున దాచాను.

నలభై ఏళ్ళు లాటిన్‌లో విన్నదంతా ఇదా! పక్కింటావిడ మాట్లాడినట్టుంది. క్రీస్తు తన శిష్యుల కాళ్ళు కడగబోతే పేతురు "నా కాళ్ళు నువ్వు కడగటానికి వీల్లేదు" అని మొండికేసే చోట నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన కూడా చివరి జబ్బులో అచ్చం అలాగే మొండికేశాడు.

పుస్తకం కావాలి, మఠమూ ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుంది నా సంగతి. మంత్రిగారితో అంటే నవ్వుతాడు. గుడిలో అంటే తంతారు.

మార్చి 1

ఎండు చేప. మళ్ళీ ఎండు చేప. ఈస్టర్ దాకా మాకు మాంసం కూడదు. లూడోల్ఫ్ ఇంటి కిటికీలోంచి మాంసం వేపుడు వాసన. "కొత్త మతంలో నాకు బాగా అర్థమయ్యేది అదొక్కటే పెద్దమ్మా" అంటుంది ఎన్నెల్.

మార్చి 4

మంత్రి హార్ట్‌విగ్ గారు కబురు పంపారు. చెడ్డవాడు కాడు. మర్యాదగా మాట్లాడతాడు, కూర్చోమంటాడు.

"గెర్లిండమ్మా, ఈసారి పవిత్ర గురువారానికి కాళ్ళు కడిగే తతంగం ఉంటుందో లేదో తెలీదు. తువ్వాళ్ళు సిద్ధం చెయ్యడానికి తొందరపడకండి."

"ప్రభువుగారు వద్దన్నారా అండీ?"

"వద్దనలేదు. ఆ రోజు హాల్లో అందరి ముందూ తన నిర్ణయం చెబుతారు. కాగితం రాసి ఉంచాను, సంతకమే తరువాయి." తర్వాత కాస్త మెల్లగా అన్నాడు, "మీ అక్కగారు మఠంలో ఉన్నారని తెలుసు. ఎవరికీ అన్యాయం జరగనివ్వను. మంచి బండే పంపిస్తాను."

మంచి బండి!

క్రీస్తు కడిగినట్టు, ప్రభువు ఏటా లాగే పన్నెండు మంది బీదవాళ్ళ కాళ్ళు కడిగితే మఠం నిలబడ్డట్టే. కడగకపోతే లేదు. కోటంతా ఇదే లెక్క, నాదీ అదే.

మార్చి 9

ఇవాళ ప్రభువే ఉతుకు కొట్టుకు వచ్చాడు. పొద్దుటి ఉతుకు మధ్యలో, ఆవిరిలోంచి. పిల్లలందరూ చేతిలో ఉన్నది వదిలేసి మోకాళ్ళ మీద పడ్డారు. నేను పడలేదు. ఆయన ముడ్డి గుడ్డలు ఉతికినదాన్ని. చిన్నప్పుడు మా దుప్పట్ల గుట్టలో దాక్కుని, చదువు చెప్పే పంతులు వెతుక్కుంటుంటే కిలకిలమని నవ్వి దొరికిపోయేవాడు.

"గెర్లిండమ్మా, మా అమ్మ కుట్టిన తువ్వాలు ఉండాలి. గురువారం కట్టుకునేది."

నా గుండె ఎగిరింది. తువ్వాలు అడిగాడంటే కడుగుతాడన్నట్టే! వెంటనే గుండె ఆగింది కూడా, ఎందుకంటే ఆయన తనే పెట్టె మూత ఎత్తి, తువ్వాళ్ళు ఒక్కొక్కటీ పక్కకు తీస్తున్నాడు. అడుగుదాకా వెళ్ళాడు. పైకి వచ్చిన చేతిలో తువ్వాలే ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా బల్ల మీద కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. "పదకొండేళ్ళుగా కడుగుతున్నాను. నాన్న పోయినప్పటి నుంచీ. నిజం చెప్పనా? ఏటా ఆ ఒక్క గంటే నాకు నమ్మకంగా ఉంటుంది. ఈ వాదాలూ ఉత్తరాలూ ఏవీ గుర్తుండవు. ఒక బీదవాడి కాలు, నీళ్ళు, నేను. అంతే. ఇది కూడా తప్పంటారేంటి వీళ్ళు?"

"తప్పెలా అవుతుంది ప్రభూ?"

"ఈసారి కూడా చేస్తే... చలి ఎక్కువుంది. వాళ్ళ కాళ్ళు బాగా పాడై ఉంటాయి కదా?"

నేను ఆయన్ని తేలికపరుద్దామనుకున్నాను. దేవుడి సాక్షిగా, అంతే అనుకున్నాను. "మీరేం కంగారు పడకండి. బుధవారమే వాళ్ళని ఇక్కడ కూర్చోబెట్టి మూడుసార్లు కడిగేస్తాం కదా. మొదట బూడిద నీళ్ళు, తర్వాత మామూలు నీళ్ళు, చివర రోజ్‌మేరీ వేసి కాచినవి. గోళ్ళు కోస్తాం, పుండ్లకు కట్టు కడతాం. మరీ చూడలేని కాళ్ళయితే ఆ మనిషినే మార్చేస్తాం. మీ తాతగారి కాలం నుంచీ ఇదే పద్ధతి. ఒక్క ఏడాది కూడా నా చేతి కింద మాట రాలేదు."

గొప్పగా చెప్పాను. ఆఖరి మాట మరీ గొప్పగా.

ఆయన బల్ల దిగాడు. తువ్వాలుని మడతల ప్రకారమే మళ్ళీ మడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసి వెళ్ళిపోయాడు.

మార్చి 10

ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఏమీ లేదనే.

మార్చి 11

అలిసిపోయి ఉంటాడు. అందుకే తువ్వాలు తీసుకెళ్ళడం మర్చిపోయాడు.

మార్చి 12

మంత్రిగారు పిలిచి నా చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పారు. నా చెయ్యి, బూడిద నీళ్ళకు పగిలిన చెయ్యి.

"మేం ఏడాదిగా చెప్పలేనిది మీరు ఒక్క మాటలో చెప్పేశారమ్మా. నిన్న సభలో ప్రభువు లేచి, పదకొండేళ్ళూ ముందే కడిగిన కాళ్ళే నేను కడిగాను, ఒక్కడు కూడా నాతో చెప్పలేదు అన్నారు. నేనన్నాను, పోపుగారి మతమంతా ఇంతే ప్రభూ, ముందే కడిగిపెట్టిన కాళ్ళు అని. దానికాయన కాదనలేదు."

బయటికి ఎలా వచ్చానో తెలియదు. మెట్ల మీద కూర్చుండిపోయాను. నోరు మూసుకుని ఉంటే ఆయన తువ్వాలు తీసుకుని వెళ్ళేవాడు. ఆయన నమ్మకానికి మిగిలిన ఒక్క గంటనీ నేనే దులిపేశాను, టోపీలో బూడిద దులిపినట్టు.

మార్చి 14

మారియెన్‌ఔ వెళ్ళాను. కమ్మీల కిటికీకి అటు అక్క, ఇటు నేను. చెప్పకూడదనుకుంటూనే అంతా చెప్పేశాను. అక్క నవ్వింది. ఆమె నవ్వుతుందని అనుకోలేదు.

"అయితే పదకొండేళ్ళూ ఆ కాళ్ళు కడిగింది నువ్వన్నమాట."

"నేనే. నేనూ పిల్లలూ."

"ఎవరో ఒకరు కడిగారుగా. కాళ్ళకేం తెలుసు చెల్లీ, ప్రభువో ఉతికేదో?"

"అక్కా, మఠం మూసేస్తారే! నా మూలంగా!"

ఆమె కమ్మీని తడిమింది. "పంపేస్తే వస్తాను. నీ గదిలో తలుపు తియ్యగానే గోడ ఏ చేతి వైపుంటుంది?"

ఎడమ చేతి వైపు అని చెప్పాను. దారంతా ఏడుస్తూనే వచ్చాను.

మార్చి 21, మ్రానికొమ్మల ఆదివారం

ప్రభువు ఆజ్ఞ: గురువారం కాళ్ళ తతంగం ఉంటుంది. ఊరి ద్వారం దగ్గర పడుకునేవాళ్ళలో మొదట కనబడ్డ పన్నెండు మందిని ఆ పొద్దునే నేరుగా హాల్లోకి తేవాలి. ముందుగా ఎవ్వరూ ఒక్క చుక్క నీళ్ళు కూడా తగిలించకూడదు.

"మంచిదే," అన్నారట మంత్రిగారు. "మూడో కాలు దాకా కూడా రాలేరు. ఆ తర్వాత సంతకానికి ఆట్టే సేపు పట్టదు." కోటలో పందేలు కడుతున్నారు. కొందరు రెండో కాలు, కొందరు అయిదు. పన్నెండు మీద ఎవరూ కట్టలేదట. "నువ్వు కట్టు పెద్దమ్మా" అంది ఎన్నెల్. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను. అబద్ధం. దురదంతా నాదే.

మార్చి 24

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఈ బుధవారం నా చేతులు పొడిగా ఉన్నాయి.

ద్వారం దాకా వెళ్ళొచ్చాను. ఊరికే చూడటానికి. ఉప్పు మూటలు మోసే యోస్ట్ అక్కడే పడుకుని ఉన్నాడు. మంచు కొరికిన కాళ్ళు, చీము గుడ్డలకు అంటుకుపోయింది. వాసనకు కుక్కలు వస్తుంటే కర్రతో తోలుకుంటున్నాడు. రేపు పన్నెండు మందిలో వీడూ ఉంటాడు.

మార్చి 25, పవిత్ర గురువారం

పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

ముందు నా తప్పు. తెల్లవారగానే వేడినీళ్ళ కడవతో గుర్రాల కొట్టం వెనక్కి వెళ్ళాను. యోస్ట్‌ని అక్కడికి రమ్మని కబురు చేశాను. గుడ్డలు నానబెట్టి, మెల్లగా ఊడదీసి, రోజ్‌మేరీ నీళ్ళతో కడిగాను. పాపం మునిపళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ఇలా అయితే ప్రభువుగారికి ఏం మిగులుస్తావు?" అన్నాడు.

"నోర్మూసుకో. నీ మీద జాలితో చేస్తున్నాను."

జాలితో కాదు. వాడి కాళ్ళు చూసి ప్రభువు లేచిపోతాడని, అక్క బండెక్కుతుందని భయంతో చేశాను. ఆయన్ని నమ్మలేదు. ఇది ఇక్కడ రాసుకుంటున్నాను, వినేవాడు లేడు కనక.

హాలు కిటకిటలాడింది. పన్నెండు మంది వరసగా కూర్చున్నారు. కొత్త చొక్కాల్లేవు, దువ్విన తలల్లేవు, నేను ఎన్నడూ పంపని మనుషులు. ప్రభువు పైబట్టలు విప్పి, అమ్మ కుట్టిన తువ్వాలు నడుముకు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదటి కాలికే వెండి పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాయి. రెండో మనిషికి ఆ పళ్ళెం పనికి రాదని ఆయనకే తెలిసింది.

"గెర్లిండమ్మా, నీ తొట్టి తెప్పించు."

నా చెక్క తొట్టి! రాళ్ళకు కొట్టుకుని అంచు లేచిపోయిన తొట్టి ఆ రంగుల గాజు కిటికీల కింద పెట్టారు. నేను పక్కన నీళ్ళు అందించడానికి నిలబడ్డాను. ఆయనకు కడగడమే రాదు. ముప్పై రెండేళ్ళ మనిషి, పైపైన నీళ్ళు చల్లుతున్నాడు, మట్టి బురదై అక్కడే ఉంటోంది. ఎంత ఆపుకున్నా నోరు ఆగలేదు.

"వేళ్ళ సందుల్లో, ప్రభూ."

హాలంతా నావైపు తిరిగింది. ఆయన తలెత్తి, "ఎలా?" అన్నాడు. చూపించాను. బొటనవేలితో, లోపల్నించి బయటికి. ఆయన అలాగే చేశాడు. ఆ కాళ్ళ మనిషి, ద్వారం దగ్గర అడుక్కునే ముసలాడు, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

నాలుగో మనిషి దగ్గర ఆయనకు డోకొచ్చింది. లేచి, గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి, వంగి నిలబడ్డాడు. మంత్రిగారు చేతిలో కాగితం సర్దుకున్నారు. నేను అక్కను తలుచుకున్నాను, ఎడమ చేతి వైపు గోడ, ఎడమ చేతి వైపు. పాట పాడేవాళ్ళు ఆపేశారు.

ఆయన మూతి తుడుచుకుని, తిరిగి వచ్చి, అదే కాలు పట్టుకున్నాడు.

దాని తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా చెప్పడం రాదు. ఏడు సార్లు నీళ్ళు మార్చాం. ఒక్కొక్క కాలూ కడగడం, తుడవడం, వంగి ముద్దు పెట్టుకోవడం. ఎవరూ కడుగుతున్నది చూస్తున్నట్టు లేరు. పుట్టే బిడ్డ కోసం గది బయట నిలబడే జనంలా ఉన్నారు. నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ గుడిలో వెయ్యి దీపాల మధ్య కూడా అంత భయం ఎరగను. తప్పు చేశాననే భయం కాదు అది. పెద్దదేదో నా పక్కనే, నా తొట్టి దగ్గరే ఉందనే భయం. నీళ్ళ కుండ పట్టుకున్న చెయ్యి లాగేస్తున్నా దించడానికి మనసు రాలేదు.

పన్నెండో మనిషి యోస్ట్.

ప్రభువు వాడి కాలు ఒళ్ళోకి తీసుకుని ఆగిపోయాడు. వంగి వాసన చూశాడు. రోజ్‌మేరీ.

"ఇవి కడిగినవి."

యోస్ట్ వెంటనే, "నేను వద్దనే అన్నాను ప్రభూ! ఆ అమ్మే!" అని నన్ను చూపించాడు.

ప్రభువు నావైపు చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను. చిన్నప్పుడు దుప్పట్ల గుట్టలోంచి నన్ను చూసిన చూపే అది.

"యోస్ట్, కాస్త జరుగు. గెర్లిండమ్మా, రా, కూర్చో."

"ప్రభూ, నేను ఆడదాన్ని. ఆచారం కాదు."

"కడిగిన కాళ్ళు కడగడం ఆచారమా?"

కూర్చున్నాను. కూర్చోక ఏం చెయ్యను! లంగా కిందికి లాక్కున్నాను. నా కాళ్ళు నేనే చూసుకోను. బూడిద నీళ్ళలో ఎండాకాలం వానాకాలం నిలబడి గోళ్ళు పోయాయి, మడమలు బీటలు వారాయి. పేతురు లాగే, నా కాళ్ళు కడగటానికి వీల్లేదు అందామనుకున్నాను, ఈలోపే కాలు పట్టుకున్నాడు. ఆయన చేతులు వేడిగా ఉన్నాయి. మెల్లగా, లోపల్నించి బయటికి, వేళ్ళ సందుల్లో. నేర్పింది నేర్పినట్టే చేశాడు.

మంత్రిగారు ముందుకొచ్చారు. ఆయన గొంతు కూడా మామూలుగా లేదు. "ప్రభూ, గొప్ప పని చేశారు. ఎవరూ కాదనరు. కానీ మీరే చూశారు కదా, ఈ ఆచారాల లోపల ఎంత డొల్లో. ఇప్పుడు సంతకం..."

ప్రభువు మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. నా కాలు తుడుస్తూనే అన్నాడు. "హార్ట్‌విగ్, పదకొండేళ్ళుగా చేస్తున్నాననుకున్నది ఇవాళే మొదలుపెట్టాను. మొదలుపెట్టిన రోజే మానెయ్యమంటారా?"

"కానీ ప్రభూ, పాతదాన్ని వదిలెయ్యాలని మీరే..."

"వదలాలంటే ముందు పట్టుకుని ఉండాలి కదయ్యా. నేనెప్పుడు పట్టుకున్నాను? ముందు పట్టుకోనివ్వండి."

అని, నా పాదం మీద ముద్దు పెట్టుకున్నాడు.

కాగితం సంతకం లేకుండానే వెనక్కి వెళ్ళింది. మఠం ఉంటుంది. అక్క గోడ ఉంటుంది. ఈ దేశం ఎటూ కదలకుండా ఇక్కడే ఉండిపోయింది, నా కళ్ళ ముందు, నా తొట్టి పక్కన. నేను నా గదికొచ్చి చాలాసేపు చెప్పులు వేసుకోలేదు.

మార్చి 28, ఈస్టర్

క్రీస్తు లేచాడు. మంత్రిగారు రాజీనామా చేశారు.

ఏప్రిల్ 2

ఇరవై కుటుంబాలు సరిహద్దు దాటుతున్నాయి. మంత్రిగారు, అచ్చు యంత్రం ఉన్నాయన, లూడోల్ఫ్ దంపతులు. ప్రభువు పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. అనాల్సింది.

ఎన్నెల్ కూడా. దాన్ని చేసుకోబోయే కుర్రాడు అచ్చు కొట్టులో పనివాడు. "మళ్ళీ వస్తాలే పెద్దమ్మా, తొట్టి జాగ్రత్త" అని నవ్వబోయి ఏడ్చింది. పన్నెండు మీద పందెం కట్టింది అదొక్కతేనట. మొన్న చెప్పింది.

ఏప్రిల్ 6

మారియెన్‌ఔ. పుస్తకం జాకెట్టులో దాచుకుని తీసుకెళ్ళాను. కమ్మీల దగ్గర ఆ కాళ్ళు కడిగే అధ్యాయం మెల్లగా చదివాను. అక్క అంతా విని, "ఇలా ఉంటుందా మనది! మళ్ళీ చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. తర్వాత, "ప్రభువు కడుగుతుంటే నీకేమనిపించింది? నిజం చెప్పు" అంది.

"గిలిగింతలు పెట్టింది."

ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం, మఠం పెద్దమ్మ వచ్చి కసిరేదాకా.

1549 నవంబర్ 3

పద్నాలుగేళ్ళ తర్వాత ఈ కాగితాలు బయటికి తీశాను. సిరా గడ్డకట్టి ఉంటే వేడిచేసి రాస్తున్నాను.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చుట్టుపక్కల దేశాలవాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని ఎక్కిరిస్తారు. అటు తరిమేసిన కన్యస్త్రీలు ఇటు వచ్చారు. ఇటు నుంచి వెళ్ళిన ఎన్నెల్ మళ్ళీ రాలేదు. ఏటా ఒక ఉత్తరం వస్తుంది, నలుగురు పిల్లలట. ఆ గురువారం సంతకం పడి ఉంటే ఎవరెక్కడ ఉండేవాళ్ళో నేను చెప్పలేను. అక్క మాత్రం రెండేళ్ళ క్రితం తన గోడ పక్కనే, తన మంచం మీదే పోయింది.

ఎబర్విన్ ప్రభువు దేవుడేం కాదు. కోపం వస్తే కుక్కల మీద కూడా అరిచేవాడు. కానీ ఏటా పవిత్ర గురువారం పన్నెండు మందినీ ద్వారం దగ్గర నుంచే తెప్పించేవాడు. ఆ ఒక్క అధ్యాయం మన భాషలోనే చదివించేవాడు. రోమ్ నుంచి రెండుసార్లు కోపంగా ఉత్తరాలొచ్చాయి, జవాబివ్వలేదు. పోయినేడు నన్ను పిలిచి, "చదవడానికి నీ పుస్తకమే ఇవ్వు గెర్లిండమ్మా, తువ్వాళ్ళ కింద ఉంటుందిగా" అన్నాడు. అన్నేళ్ళూ తెలుసు ఆయనకి. నేను దొరికిపోయానని కిలకిలమని నవ్వాడు.

నిన్న పొద్దున పోయాడు. నలభై ఆరేళ్ళు.

ప్రభువుల దేహాన్ని గురువులు పవిత్ర జలంతో తుడుస్తారు. దానికి ముందే ఉతుకు కొట్టు పెద్ద మూడుసార్లు కడిగి సిద్ధం చెయ్యాలి. అదీ వాళ్ళ తాతగారి కాలం పద్ధతే. అందర్నీ బయటికి పొమ్మన్నాను. నా తొట్టి తెప్పించుకున్నాను. ఒక్కసారే కడిగాను. వేళ్ళ సందుల్లో, లోపల్నించి బయటికి.

తర్వాత పైకి తుడుస్తూ వచ్చి ఆగిపోయాను. దీపం దగ్గరికి తెచ్చుకుని చూశాను. ఆయన రెండు మోకాళ్ళ మీదా చర్మం మందంగా, గట్టిగా, పసుపుపచ్చగా కాయలు కాసి ఉంది. ఏడాదికొక గురువారం మోకరిస్తే అలా అవ్వదు. రోజూ మోకరిల్లిన మనిషి మోకాళ్ళవి.

నా లంగా ఎత్తి, ఇన్నేళ్ళూ తొట్టి ముందు మోకరించిన నా మోకాళ్ళు చూసుకున్నాను. అచ్చం అలాగే ఉన్నాయి.